మరిది తెచ్చిన కేబుల్

6వ తేదీ, ఆదివారం

మొత్తానికి టీవీ గోడెక్కింది. ఆయన పంపుహౌసు ఉద్యోగంలోంచి రిటైరై ఇంట్లో కూర్చున్నారు. కూర్చున్న మనిషికి చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి, రోజంతా నన్నే చూస్తూ కూర్చుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. అందుకని పెద్ద టీవీ, దాని కింద పొడుగాటి స్పీకరు, సినిమాలు వచ్చే చిన్న పెట్టె. ఆ పెట్టెకీ టీవీకీ మధ్య ఒక కేబుల్. గొడవంతా ఆ కేబుల్‌తోనే.

బిగించింది మా మరిది. కాలేజీలకీ మీటింగు హాళ్లకీ తెరలు, ప్రొజెక్టర్లు బిగించడం అతని పని. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవర్ ఉంటుంది కాబట్టి నేను స్క్రూ అని పేరు పెట్టాను. ఇప్పుడు వాళ్లన్నయ్య కూడా అలాగే పిలుస్తారు. సంచి అడుగునుంచి సన్నటి నల్ల కేబుల్ ఒకటి లాగి, "ఇది ఊరికే పడుంది వదినా, వాడేద్దాం" అన్నాడు. మంచి వస్తువు ఊరికే ఎందుకు పడుంటుంది? అప్పుడే అడగాల్సింది.

టీవీ వెనక గోడకి రంగు నేనే కలిపి వేయించాను. పాల తెలుపు. నేను పనిచేసే పెయింట్ల షాపులో డబ్బిచ్చినా దొరకదు, నా ఇంటి కోసం నా చేత్తో కలిపింది. మరిది లోపలికి రాగానే చూసి "వదినా, ఈ గోడేంటి..." అని ఆగిపోయాడు. ఆయన వెంటనే స్కూటర్లో ఉన్న మేకులు తెమ్మని బయటికి పంపించారు. అతనికి పాపం మాట రాలేదు.

అంతా అయ్యాక మంచు కొండల సినిమా పెట్టాడు. మంచు పసుపుగా ఉంది. అన్నదమ్ములిద్దరూ ఆహా అంటున్నారు. పక్కన నా గోడ తెల్లగా మెరుస్తుంటే మధ్యలో ఆ మంచు పాత దిండు గలీబులా ఉంది. గోడని పక్కనే పెట్టుకుని కూడా వీళ్లకి తేడా తెలియలేదంటే ఏమనాలి. అందరికీ నా కన్ను ఉండదు, అది వాళ్ల తప్పు కాదు. కేబుల్ మార్చాలి.

7వ తేదీ, సోమవారం

షాపుకి కొత్త మిషన్ వచ్చింది. గోడ పెచ్చు దాని ముందు పెడితే రంగు చదివి, ఏది ఎంత కలపాలో తనే చెప్తుందట, తనే పోస్తుందట. చిన్న యజమాని కొత్త అల్లుడికి మర్యాద చేసినట్టు దాని చుట్టూ తిరుగుతున్నాడు. వాళ్ల నాన్న ఉండగా ఈ షాపులో మిషన్ ఒకటే, అది నేను. పెచ్చు నా అరచేతిలో పెడితే చాలు. వేలితో రంగు రాసి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, గుమ్మం వెలుగులో చూసి కలిపిచ్చేదాన్ని. అతుకు ఎక్కడుందో వేసిన మేస్త్రీకే దొరికేది కాదు.

ఈ రోజు నిచ్చెన మేస్త్రీ రెండు డబ్బాలు వెనక్కి తెచ్చాడు. మనిషి పొడుగు, నిచ్చెన లేకుండానే పైకప్పు అందుకుంటాడు, అందుకని ఆ పేరు. ఏదో ఆసుపత్రి గోడలకట. తెలుపు అడిగితే నీలం కొట్టిందట. "కొంచెమే అక్కా, ఎండలో తెలుస్తోంది" అన్నాడు నసుగుతూ. డబ్బా గుమ్మంలోకి తీసుకెళ్లి మూత తీసి చూశాను. శుభ్రంగా, తెల్లగా ఉంది. మేస్త్రీకి వయసు మీద పడుతోంది. కళ్లజోడు మార్చుకోమని సలహా ఇచ్చి పంపించాను.

తెలుపు కలపడమంటే జనం అనుకున్నంత తేలిక కాదు. డబ్బాలో వచ్చే తెలుపులో ఎక్కడో పసుపు దాక్కుని ఉంటుంది. అది చావాలంటే నీలం చుక్క పడాలి. ఇదివరకు ఒక చుక్కతో సరిపోయేది. ఈ మధ్య కంపెనీవాళ్లు సరుకు నాసిరకం చేశారు, ఎక్కువ పడుతోంది.

9వ తేదీ, బుధవారం

పెద్ద షోరూముకి వెళ్లాను. గోడ నిండా టీవీలు, అన్నింట్లోనూ ఒకటే చిలుక. కేబుళ్లకే ఒక అర. పొట్టివి, పొడుగువి, గుడ్డ అల్లినవి, మూతులకి బంగారు పూత వేసినవి. అట్టల మీద ఒకటే అంకెలు. "తెలుపు తెల్లగా రావాలి, అలాంటిది ఇవ్వు" అని అక్కడి అమ్మాయిని అడిగాను. ఆ అమ్మాయి టీవీ ఎన్ని అంగుళాలు, పెట్టె ఎంత దూరం, మోడల్ ఏది అని ఎదురు ప్రశ్నలు వేసింది. దూరం మూరెడే అంటే, అయితే ఏదైనా చాలు ఆంటీ అంది. ఏదైనా చాలనుకునేదాన్నయితే ఇంత దూరం ఎందుకొస్తాను? గుడ్డ అల్లింది తీసుకున్నాను. చేతిలో బరువుగా ఉంది, నమ్మకం కుదిరింది.

నాకు ఎలక్ట్రానిక్స్ తెలియకపోవచ్చు గానీ ఇంగితం ఉంది. బొమ్మ ఆ పెట్టెలోంచి ఈ టీవీలోకి పారుతుంది. పైపు తుప్పు పడితే నీళ్లు ఎర్రగా రావూ? పంపుహౌసులో జీవితం గడిపిన మనిషిని ఇదే అడిగాను. కాసేపు ఆలోచించి, "పైపు అయితే అంతే" అన్నారు. ఆయన నోట అంత మాట రావడమే గొప్ప.

10వ తేదీ

కొత్త కేబుల్‌తో పసుపు కొంచెం తగ్గినట్టుంది. తగ్గింది.

11వ తేదీ

తగ్గలేదు.

13వ తేదీ, ఆదివారం

మరిది భోజనానికి వచ్చాడు. మంచు చూపించాను. కేబుల్లో వెళ్లేవి అంకెలని, అవి వస్తే మొత్తంగా వస్తాయని, సరిగ్గా రాకపోతే బొమ్మ ఆగిపోవడమో చుక్కలు పడటమో జరుగుతుందని వివరించాడు. అన్నం చల్లారిపోయేదాకా వివరించాడు.

"అంతేగానీ పసుపు మాత్రం రాదు వదినా. పనిచేసే కేబుళ్లన్నీ ఒకటే."

"ఊరికే పడున్నది తెచ్చినవాడివి, నువ్వు అలాగే అంటావు."

దానికి నవ్వేసి, రిమోట్ తీసుకుని టీవీలో రంగు కాస్త నీలం వైపు జరిపాడు. అప్పుడు మంచు తెల్లగా వచ్చింది. చూశారా అన్నాను. ఆయన మాత్రం హీరోకి ఊపిరాడనట్టుంది, మొహం నీలంగా ఉందన్నారు. సరే, పాతదానికే మార్పించాను. పైన రంగు పులిమి తెలుపు తేవడం నాకూ నచ్చదు. లోపం ఎక్కడుందో అక్కడే బాగుచేయాలి.

14వ తేదీ

పక్కింటి టీచరమ్మ వచ్చి హాల్లో కూర్చుంది. మీ గోడ రంగు ఎంత చల్లగా ఉందండీ, మా పడగ్గదికి కూడా ఇదే కలిపివ్వండి అని అడిగింది. తెలుపుని ఇంతలా మెచ్చుకున్న మనిషిని ఇప్పటిదాకా చూడలేదు. చదువుకున్న మనిషి కదా, రుచి తెలుసు.

16వ తేదీ, బుధవారం

ఆయన బనియన్లు ఎన్నిసార్లు ఉతికినా పసుపు వదలడం లేదు. నీలిమందు ఇంకో మూత ఎక్కువ వేశాను. ఇప్పుడు బాగున్నాయి. ఆయన తీగ మీంచి తీసుకుని, కాసేపు చేతిలో పట్టుకుని చూసి, తొడుక్కున్నారు. బాగున్నాయా అంటే బాగున్నాయన్నారు.

17వ తేదీ, గురువారం

చిన్న యజమాని టీ తెప్పించి కుర్చీ వేశాడు. కుర్చీ వేసినప్పుడే అర్థమైంది.

హాస్టల్ బిల్డింగు ఆర్డర్ వస్తోందట. ఒక పక్క గోడలు మరమ్మతు చేస్తున్నారు, పాత గోడల రంగే కొత్తవాటికీ కావాలట. పెచ్చు తీసుకుని వచ్చే నెలలో వాళ్ల మనుషులు వస్తారు. తేడా వస్తే మొత్తం సరుకు మన నెత్తిన పడుతుందన్నాడు. ఆసుపత్రి డబ్బాల సంగతి ఎత్తాడు. ఇంకేవో రెండు ఇళ్ల సంగతి కూడా ఎత్తాడు, అవి నాకెవరూ చెప్పలేదు. అక్కా, మీరు బిల్లుల కౌంటర్లో కూర్చోండి, ఫ్యాను కింద హాయిగా ఉంటుంది, కలపడం మిషన్ చూసుకుంటుంది అన్నాడు.

టీ గ్లాసు పక్కన పెట్టాను. తర్వాత చెప్పాను. "ఆ పెచ్చు రానీ. మిషన్ కలిపింది ఒక పక్క రాయి, నేను కలిపింది ఒక పక్క రాయి. నాది తప్పితే నేనే వెళ్లి కౌంటర్లో కూర్చుంటాను."

సరేనన్నాడు. వెళ్తూ వెళ్తూ, వాళ్లమ్మకి కంటి పరీక్ష చేసిన డాక్టరు బాగా చూస్తుందని ఒక మాట వేశాడు. నేను విననట్టే డబ్బాలు సర్దుకున్నాను.

నా బల్ల, నా డబ్బాలు, నా గుమ్మం వెలుగు. ఇంకెవరో ఆ బల్ల మీద మిషన్ పెట్టి దుమ్ము తుడవడం తలచుకుంటే భయం వేసింది. భయమేమిటి, కోపం. కోపం వచ్చింది.

19వ తేదీ, శనివారం

మూడో కేబుల్. ఈసారి ఊళ్లోకెల్లా పెద్దదైన ఆడియో షాపుకి వెళ్లాను. నగల పెట్టె లాంటి పెట్టెలో, ముఖమల్ గుడ్డ మీద పడుకోబెట్టి ఉంది. వేలంత లావు. దీంతో రంగులు ఎలా వస్తాయని అడిగితే, చూసినవాళ్లు వేరేది కొనరమ్మా అన్నాడు కోటు వేసుకున్నాయన. అలా మాట్లాడేవాడి దగ్గర కొనాలి.

ఇంటికొచ్చాక చూస్తే అది వంగదు. బలవంతాన వంచి దూరిస్తే టీవీ గోడకి అంటుకోకుండా ఒక పక్క ముందుకొచ్చింది. ఆయన టార్చి పట్టుకుని నిలబడ్డారు. ఇంత లావుదేంటని గానీ, ఎంతైందని గానీ అడగలేదు. ఆయన అడిగితే బాగుండుననిపించింది.

మంచు సంగతి రేపు రాస్తాను.

20వ తేదీ, ఆదివారం

మంచు సంగతి రాయడానికేమీ లేదు. వేరే సంగతి.

మొహం కడుక్కుంటుంటే కుడి కంట్లో సబ్బు పడింది. తువ్వాలు ఆ కంటికి అద్దుకుని హాల్లోకి వచ్చాను. టీవీలో మంచు కొండలే. నాకోసమని ఆయన వాటినే పెడుతున్నారు. మంచు కాస్త నయంగా ఉంది. తువ్వాలు తీశాను, పసుపు. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాను, ఇంకా పసుపు. కుడిది మూసి ఎడమతో చూస్తే మళ్లీ కాస్త నయం.

అంటే ఎడమ కంటికి మంచి కేబుల్, కుడి కంటికి చెడ్డ కేబుల్.

కిటికీ ఎడమ వైపు ఉంది కదా. వెలుగు అటునుంచి పడుతోంది. కుర్చీ మార్చాలి.

21వ తేదీ

కుర్చీ మార్చాను.

23వ తేదీ

కుర్చీ మళ్లీ పాత చోటే వేశాను. ఆయనకి నడుము నొప్పి అన్నారు. షాపులో ఈ రోజు ఒక్క తెలుపూ కలపలేదు. ఎవరూ అడగలేదు. అడిగినవాళ్లని చిన్న యజమాని మిషన్ దగ్గరికి పంపించాడు, నేను చూడలేదనుకున్నాడు.

27వ తేదీ, ఆదివారం

సవాలు చేసింది నేనే. రాసుకోవడం ఎందుకంటే, తర్వాత మరిది చేశాడని అనుకుంటానేమో.

మూడు కేబుళ్లూ పెట్టుకో, నేను వంటింట్లో ఉంటాను, నీ ఇష్టమొచ్చింది తగిలించి పిలువు, ఏది ఏదో చెప్పకపోతే అప్పుడడుగు అన్నాను. మరిది మొదట వద్దన్నాడు. ఆయన కూడా ఎందుకులే అన్నారు. ఇద్దరూ వద్దనేసరికి నాకు పట్టుదల పెరిగింది.

మొదటిసారి పిలిచారు. మంచు పసుపే. ఇది స్క్రూ తెచ్చిన సన్నది, చీకట్లో చూపించినా గుర్తుపడతాను అన్నాను. రెండోసారి పిలిచారు. ఈసారి మబ్బు తొలగి కొండ మీద ఎండ పడుతోంది, మంచు చాలావరకు తెల్లగా ఉంది. అదీ కేబులంటే, ఇదే ముఖమల్ పెట్టెలోది, ఎంత తేడా ఉందో చూడండని ఆయనకి చూపించాను కూడా.

మరిది టీవీ వెనక్కి చెయ్యి పెట్టి, తగిలించి ఉన్నది లాగి చూపించాడు. సన్నటి నల్లది. మొదట పెట్టింది ముఖమల్‌ది.

అప్పుడు కూడా నేను ఒప్పుకోలేదు. తెల్ల కాగితం పట్టుకురా, దాని పక్కన పెట్టి చూస్తే మంచు పసుపో కాదో నీకే తెలుస్తుందన్నాను. సంచిలో ఆఫీసు కోసం కొన్న కాగితాల కట్ట ఉంది. సీలు చింపి ఒక కాగితం తీసి గోడకి ఆనించి పట్టుకున్నాడు.

"ఇదేం రంగు వదినా?" అన్నాడు, మెల్లిగా.

"పసుపు. పాత సరుకు అంటగట్టారు నీకు."

"గోడ?"

"తెలుపు."

మరిది నవ్వలేదు. నవ్వి ఉంటే నాలుగు తిట్టి కాఫీ ఇచ్చేదాన్ని. వాళ్లన్నయ్య వైపు చూశాడు. వాళ్లన్నయ్య నేల చూపులు చూశారు. నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కడిగాను. పొద్దున కడిగినవే.

28వ తేదీ

తలనొప్పి అని షాపుకి కబురు పంపాను. తలనొప్పి లేదు.

30వ తేదీ, బుధవారం

నాలుగో కేబుల్ కొనడానికి వెళ్తున్నానని చెప్పి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. చిన్న యజమాని చెప్పినావిడే. గడ్డం ఒక పట్టీ మీద ఆనించి, రెండు కళ్లలోకీ లైటు వేసి చూసింది. ఏం పని చేస్తారని అడిగింది. రంగులు కలుపుతానన్నాను. లైటు తీసేసి నా మొహంలోకి చూసింది.

శుక్లాలట. నల్లగుడ్డు వెనక చిన్న కటకం ఉంటుందట, అది వయసుతో పాటు పసుపెక్కుతుందట. కుడి కంట్లోది బాగా ముదిరింది, ఎడమ కంట్లోది ముదురుతోంది. లోకంలోని వెలుగంతా ఆ పసుపులోంచే లోపలికి వెళ్తోందని చెప్పింది.

"అంటే కేబులే," అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు గానీ తల ఊపింది. లోపం మధ్యలో ఉందని మొదటినుంచీ చెప్తున్నది నేనే. పెట్టెలో లేదు, టీవీలో లేదు, మధ్యలో ఉందన్నాను. ఏ మధ్యలో అన్నదొక్కటే తేలలేదు.

బయట బెంచీ మీద కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. చేయి విరిగినా ఇంత ఏడ్చేదాన్ని కాదు. నా దగ్గర ఉన్నదే ఆ కన్ను. ఆపరేషన్ చేస్తే బాగవుతుందని ఆవిడ చెప్తూనే ఉంది, నేను సగమే విన్నాను. తర్వాత మళ్లీ లోపలికి వెళ్లి మిగతా సగం అడిగి తెలుసుకుని, కుడి కంటికి తేదీ రాయించుకుని వచ్చాను.

ఇంటికి రాగానే ఆయన నా చేతుల వైపు చూశారు. కేబుల్ ఏదని అడగలేదు. "ఎప్పుడన్నారు?" అని అడిగారు.

1వ తేదీ, శుక్రవారం

చిన్న యజమానికి నేనే చెప్పాను, ఇంకెవరో చెప్పేలోపు. కన్ను బాగుచేయించుకుని వస్తాను, హాస్టల్ పెచ్చు నేనొచ్చేదాకా ముట్టుకోవద్దు అన్నాను. మిషన్‌ని కూడా ముట్టుకోనివ్వనన్నాడు. మంచివాడే. వాళ్ల నాన్న పోలికలు కొన్ని వచ్చాయి.

4వ తేదీ, సోమవారం

అయిపోయింది. నొప్పి లేదు. రాయొద్దన్నారు. ఒక కంటితో నాలుగు ముక్కలు రాస్తే ఏమీ కాదు.

5వ తేదీ

కట్టు విప్పారు. మొదట నర్సు కోటు చూశాను. తెలుపు అంటే అది. దాని పేరే మర్చిపోయినట్టున్నాను ఇన్నాళ్లూ. ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ఆకాశం వైపు చూస్తుంటే ఆయన ఆటో ఎక్కమని మూడుసార్లు పిలిచారు. నీలాన్ని నేను సీసాల్లోంచి కొలిచి పోస్తున్నాను గానీ చూడటం మానేసి చాలాకాలమైంది.

ఇంటి ముందు తీగ మీద ఆయన బనియన్లు ఆరేసి ఉన్నాయి. నీలం. ఏదో స్కూలు యూనిఫారాల్లా వరసగా నీలం. ఆ బనియన్లతోనే కూరగాయలకీ, స్నేహితుల ఇళ్లకీ తిరిగారీయన.

తలుపు తీశారు. హాల్లోకి వచ్చి నిలబడ్డాను. టీవీ వెనక గోడ ఊదా రంగు. తెలుపులో నీలం కొట్టడం కాదు, నిఖార్సయిన లేత ఊదా.

ఇంక రాయను. నాతో మాట్లాడొద్దని ఆయనకి చెప్పాను.

6వ తేదీ, బుధవారం

మాట్లాడాను. మాట్లాడకుండా ఎన్నాళ్లుంటాను, కంట్లో మందు చుక్కలు వేసేది ఆయనే.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. గోడ ఆరిన రోజు నేను దాని ముందు నిలబడి, చూడండి తెలుపంటే ఇదీ అన్నానట. షాపులో ఏవో మాటలు పడి అప్పటికి చాలా రోజులుగా నేను నవ్వడం లేదట. ఆ రోజు నవ్వానట. దాన్ని చెడగొట్టడానికి నోరు రాలేదన్నారు. తమ్ముణ్ని మేకుల కోసం పంపింది అందుకేనట. టీచరమ్మ మాత్రం నిజంగానే మెచ్చుకుందట, ఆవిడకి ఊదా ఇష్టం.

"నా బల్ల పోయేది," అన్నాను. "మీరు నవ్వు చూసుకున్నారు, నా బల్ల పోయేది."

ఆయన చుక్కల సీసా మూత బిగించి, మళ్లీ విప్పి, మళ్లీ బిగించారు. "చెప్పుంటే నమ్మేదానివా?" అన్నారు.

నమ్మేదాన్ని కాదు. ఆయన కళ్లకి పరీక్ష చేయించమనేదాన్ని. అయినా చెప్పాల్సింది. రోజూ చెప్పాల్సింది, నేను తిడుతున్నా చెప్పాల్సింది. కొట్టుకుపోతున్న మనిషికి నీళ్లు చల్లగా ఉన్నాయని చెప్పడం ప్రేమ ఎలా అవుతుంది? ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఇక్కడ రాసుకుంటున్నది మర్చిపోకుండా ఉండటానికి. నా మీద ప్రేమ లేక కాదని కూడా రాసుకోవాలి. నీలం బనియన్లు తొడుక్కుని ఊరంతా తిరిగిన మనిషి.

18వ తేదీ, సోమవారం

పెచ్చు వచ్చింది. లేత గోధుమ, లోపల ఎక్కడో ఇంత బూడిద. చిన్న యజమాని మిషన్‌కి చూపించాడు, అది చిటికెలో పోసిచ్చింది. నేను ఎడమ కంటికి జేబురుమాలు మడిచి కట్టుకుని నా బల్ల దగ్గర నిలబడ్డాను. చెయ్యి పని మర్చిపోయిందేమో అనుకున్నాను. సీసా పట్టుకోగానే దాని దారిన అది పని చేసుకుపోయింది. రాసి, ఆరబెట్టి, గుమ్మంలో చూసి, అర చుక్క నలుపు వేసి, మళ్లీ రాసి, మళ్లీ ఆరబెట్టి. నీలం సీసా ముట్టుకోలేదు.

నిచ్చెన మేస్త్రీని పిలిచి, ఏది ఎవరిదో చెప్పకుండా పెచ్చుకి రెండు పక్కలా రాసింది చూపించారు. గుమ్మంలో చూసి రెండూ కలిశాయన్నాడు. తర్వాత అతనే లోపలికి తీసుకెళ్లి ట్యూబులైటు కింద తిప్పి చూశాడు.

"ఎడమ పక్కది లైటు కింద పచ్చ తిరుగుతోంది. కుడి పక్కది గోడే," అన్నాడు.

కుడి పక్కది నాది.

చిన్న యజమాని కాసేపు రెండూ తిప్పి చూసుకుని, పెచ్చు చూసి కలిపేవన్నీ అక్కవి, కొత్తగా రంగేసే గోడలు మిషన్‌వి అని తేల్చాడు. మిషన్‌తో నాకు పేచీ లేదు. దాని బల్ల దానిది. వెళ్లేముందు మేస్త్రీని కూర్చోబెట్టి టీ ఇప్పించాను. కళ్లజోడు విషయంలో తొందరపడ్డానని చెప్పాను. అతను ఆ మాటకి ఇంకా పొడుగయ్యాడు.

24వ తేదీ, ఆదివారం

మరిది వచ్చి ముఖమల్ కేబుల్ పీకేసి తన సన్నదాన్ని తగిలించాడు. టీవీ మళ్లీ గోడకి ఆనుకుంది. గుడ్డ అల్లినది అతనికే ఇచ్చేశాను, ఏ కాలేజీలోనో పనికొస్తుంది. ముఖమల్ పెట్టెలో ప్రస్తుతం సూదులూ దారాలూ పెట్టుకున్నాను. ఏమయ్యా స్క్రూ, నువ్వు తెచ్చింది మంచిదేనయ్యా అంటే, ఊరికే పడుంది కదా వదినా అన్నాడు. వాళ్లన్నయ్యకున్న తెలివి ఇతనికీ ఉంది, సమయానికి చెప్పే ధైర్యమే ఇద్దరికీ లేదు.

అతను వెళ్లాక మంచు కొండలు పెట్టించుకుని చూశాను. కుడి కంటితో మంచు తెలుపు, గోడ ఊదా. తర్వాత ఊరికే కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చూశాను. మంచు పసుపు. గోడ తెలుపు. పాల తెలుపు. ఒక్క చుక్క ఎక్కువ లేదు, ఒక్క చుక్క తక్కువ లేదు. ఏ కన్ను చెప్పినట్టు చేసిందో ఆ కంటికి నా చెయ్యి ఒక్క తప్పు కూడా చేయలేదు. ఇంత మంచి తెలుపు నేను జీవితంలో కలపలేదు, అది ఈ కంటికి తప్ప ఎవరికీ కనపడదు. వచ్చే నెల ఎడమ కంటికి కూడా ఆపరేషన్. ఆ తర్వాత నాకు కూడా కనపడదు.

ఆయన వచ్చి, మేస్త్రీని ఎప్పుడు రమ్మనమంటావు, గోడ మార్పిద్దాం అన్నారు. ఎడమ కన్ను అయ్యేదాకా ఈ గోడ ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను. ఎందుకని అడిగారు. కుడి కన్ను మూసుకుని చూస్తే తెలుస్తుందన్నాను. ఆయన నా పక్కన నిలబడి బుద్ధిగా కుడి కన్ను మూసుకున్నారు. చాలాసేపు చూశారు.

"తెల్లగానే ఉంది," అన్నారు.

నేను ఆయన వైపు తిరిగాను. రెండు కళ్లూ తెరిచే చూశాను. ఆయన కుడి కన్ను ఇంకా మూసుకునే ఉన్నారు.

"ఊదాగా ఉంది," అన్నారు.

"హమ్మయ్య," అన్నాను.